లీవర్ రైఫిల్ కొనేముందు చత్వారం సంగతి చూసుకోండి

నా మొదటి లీవర్ రైఫిల్‌ని కళ్లతో కొన్నాను. ట్రిగర్ చుట్టూ ఉండే లీవర్‌ని కిందికి తోసి పైకి లాగితే కొత్త తూటా ఎక్కే తుపాకి అది. ఇత్తడి ఒళ్లు, ఎనిమిది పలకల బ్యారెల్, వాల్‌నట్ కర్ర. దుకాణం లైట్ల కింద పండక్కి చింతపండు పెట్టి తోమిన బిందెలా మెరిసింది. క్యాలిబర్, అంటే తూటా లావు, రకం, .45 కోల్ట్. బరువు తొమ్మిది పౌండ్లకి కొంచెం తక్కువ. షాపులో రెండు నిమిషాలు ఎత్తి పట్టుకుంటే బరువేం తెలియలేదు. నవంబర్ చివర్లో తెల్లవారుజామున బురద పొలంలో ముప్పావుగంట నడిచాక తెలిసింది. దానికి తోడు గురి చూసుకునే వెనక సైట్ నా కంటికి మసకగా, మెంతికూర కట్టలా కనిపించింది. ఆ ఏడే నాకు చత్వారం అద్దాలు రాశారు. ఒక్క సీజన్ వాడి, 200 డాలర్లు నష్టానికి అమ్మేశాను. ఇప్పుడు నా దగ్గరున్నది ఆరున్నర పౌండ్ల .357 కార్బైన్, అంటే పొట్టి బ్యారెల్ రైఫిల్. నాలుగేళ్లుగా అదే. ఈ రెండింటి మధ్య నేర్చుకున్నది రాస్తున్నాను.

మేముండేది ఒహాయోలో, కొలంబస్‌కి ఉత్తరాన. ఇక్కడ జింక వేటకి అన్ని రైఫిళ్లూ పనికిరావు. నేల చదును, పొలాల మధ్యే ఇళ్లు. దూరం పోయే రైఫిల్ తూటాలు వద్దని ఎన్నో ఏళ్లు షాట్‌గన్లు, మజిల్‌లోడర్లు (మందు, గుండు బ్యారెల్ మూతిలోంచి కూరే తుపాకులు), పిస్టళ్లే అనుమతించారు. 2014 నుంచి నిటారు గోడల తూటా వాడే రైఫిళ్లకీ అనుమతి వచ్చింది, .357 నుంచి .50 దాకా. నిటారు గోడలంటే ఏమిటో మన భాషలో చెప్తాను. .30-30 లాంటి రైఫిల్ తూటా సీసాలాంటిది, పైన మెడ సన్నబడుతుంది. .357 లాంటి పిస్టల్ తూటా స్టీలు గ్లాసు లాంటిది, కింది నుంచి పైదాకా ఒకటే లావు. అందుకే ఇక్కడ పిస్టల్ క్యాలిబర్ లీవర్ రైఫిల్‌కి గిరాకీ. కౌబాయ్ మోజు ఉన్నవాళ్లు లేకపోలేదు, నాకూ కాస్త ఉంది. కానీ మా పక్కింటి రైతు దగ్గర ఒకటుందంటే కారణం ఈ రూలే.

పిస్టల్ తూటాని రైఫిల్లో పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. వించెస్టర్ 1873 మోడల్ .44-40 తూటాతో వచ్చింది. 1878 నుంచి కోల్ట్ కంపెనీ అదే తూటాకి రివాల్వర్ కూడా అమ్మింది. నడుముకి ఒక్క తూటాల పట్టీ కట్టుకుంటే రెండు ఆయుధాలకీ సరిపోయేది. ఇప్పుడు సినిమాల్లో, షాపుల్లో .45 కోల్ట్ లీవర్ రైఫిళ్లు పాతకాలపువి అన్నట్టు చూపిస్తారు గానీ, ఆ కాలంలో .45 కోల్ట్‌కి లీవర్ రైఫిల్ తయారుకాలేదు. ఆ సంగతి నేను కొన్నాక తెలుసుకున్నాను.

తుపాకి సంగతి తర్వాత, ముందు మీ వీసా. మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ముఖ్యమైనది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ అడ్డంకి లేదు. షాపులో 4473 అనే ఫారం నింపమంటారు. అందులో ఇమిగ్రేషన్ ప్రశ్న ఉంటుంది. అక్కడ తెలిసి తప్పు రాస్తే అదొక నేరం. వీసా మీద ఉండి మినహాయింపు వాడుకుందామనుకుంటే ముందు లాయర్‌కి ఫీజు కట్టండి. తుపాకి కేసు మీద పడితే పోయేది తుపాకి ఒక్కటే కాదు, ఇక్కడి బతుకు కూడా. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను.

ఇంకో మాట. రేంజ్‌కి (కాల్చడం ప్రాక్టీసు చేసే చోటికి) తీసుకెళ్లే బ్యాగు వేరే పెట్టుకోండి, ఇండియా ప్రయాణానికి దాన్ని ఎప్పుడూ వాడొద్దు. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్ కింద కనిపిస్తే ఆయుధాల చట్టం కేసు దాకా పోవచ్చు. మా ఊళ్లో పెదనాన్నకి మక్క చేలో పందుల కోసం లైసెన్సు తుపాకి ఉండేది. ఎలక్షన్లు వచ్చాయంటే స్టేషన్‌లో జమచేసి రసీదు తెచ్చుకునేవాడు. మన దగ్గర తుపాకి అంటే ఎంత లెక్కో అప్పుడే చూశాను.

ఇక క్యాలిబర్. షాపులో ప్రధానంగా మూడు కనిపిస్తాయి: .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45 కోల్ట్.

నా ఓటు .357కి. కారణం డబ్బు, భుజం. .357 రైఫిల్లో .38 స్పెషల్ తూటాలు కూడా వేసుకోవచ్చు. వాటి ధర తక్కువ, చప్పుడు తక్కువ, తన్ను (కాల్చగానే భుజానికి తగిలే దెబ్బ) దాదాపు లేనట్టే. మా అమ్మాయికి పద్నాలుగేళ్లప్పుడు రేంజ్‌లో నేర్పింది వాటితోనే. మాగ్నమ్ వేస్తే అదే తుపాకి ఇంకో జంతువైపోతుంది. 158 గ్రెయిన్ల (దాదాపు పది గ్రాముల) .357 బులెట్ నాలుగంగుళాల రివాల్వర్ నుంచి సెకనుకి దాదాపు 1250 అడుగుల వేగంతో వెళ్తే, పద్దెనిమిదంగుళాల కార్బైన్ నుంచి 1800 అడుగుల దరిదాపుకి వస్తుంది. మాగ్నమ్‌లో నిదానంగా కాలే మందు ఎక్కువ ఉంటుంది కాబట్టి పొడుగు బ్యారెల్లో బులెట్‌ని ఇంకా తోస్తుంది. .38లో మందు కొంచెమే, అది త్వరగా కాలిపోతుంది, అందుకే పొడుగు బ్యారెల్ వల్ల దానికి వచ్చే లాభం తక్కువ.

.44 మాగ్నమ్ ఇంకా బలమైనది. పెద్ద మగజింక మీద ఎక్కువ నమ్మకం. ఎలుగుబంట్లు ఉన్న రాష్ట్రంలో ఉంటే అదే కొనండి. తేలికైన తుపాకిలో మాత్రం గట్టిగా తంతుంది. యాభై రౌండ్లయ్యాక మీకే మానేయాలనిపిస్తుంది, ప్రాక్టీసు మానేస్తే గురి పోతుంది. .45 కోల్ట్ మంచి తూటానే, ఖాళీ తూటాల్లో చేత్తో మందు నింపుకునే వాళ్లకి వరం. నాలాగా షాపు మీద ఆధారపడేవాళ్లకి తంటా. ఆ సీజన్‌లో మూడు షాపులు తిరిగితే ఒకే పెట్టె దొరికింది.

కంపెనీలు చాలా ఉన్నాయి, నేను మోడళ్ల కన్నా లోపలి యంత్రాన్ని చూడమంటాను. 1873 తరహా రైఫిళ్లు, ఇటలీలో ఉబర్టీ చేసేవి, జపాన్‌లో మిరోకు చేసేవి, లీవర్ తిప్పుతుంటే వెన్నలా ఉంటుంది. కౌబాయ్ పోటీలకి వెళ్లేవాళ్లు వాటినే ఇష్టపడతారు. కానీ లోపల ఉన్నది మోకాలి కీలులాంటి పాత అమరిక, మందు ఎక్కువున్న గట్టి తూటాలు రోజూ తినిపించే రకం కాదు. 1892 మోడల్ జాన్ బ్రౌనింగ్ గీసింది. తూటా వెనక మూసుకునే బోల్ట్‌ని వెనకనుంచి రెండు ఉక్కు దిమ్మలు రెండువైపులా తాళం వేస్తాయి. చిన్నగా, తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. బ్రెజిల్ రాసీ ఆర్92 దాని నకలే, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఒక్క చిక్కు: ఖాళీ తూటా నెత్తి మీద నుంచి పైకి ఎగురుతుంది, అందుకని పైన స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించడం కుదరదు. మార్లిన్ 1894, హెన్రీ బిగ్ బాయ్ పక్కకి విసురుతాయి, పైన మూత చదునుగా ఉండి స్కోప్ మరలకి రంధ్రాలతోనే వస్తాయి. మార్లిన్‌ని 2020లో రూగర్ కొనుక్కుంది, 1894 మళ్లీ 2023లో బయటికొచ్చింది. స్మిత్ అండ్ వెస్సన్ కూడా 2024లో 1854 పేరుతో లీవర్ రైఫిల్ తెచ్చింది.

హెన్రీ కొంటే పక్కన లోడింగ్ గేటు (తూటాలు లోపలికి తోసే చిన్న తలుపు) ఉందా, బ్యారెల్ కింద తూటాలుండే గొట్టం ముందువైపు నుంచే నింపాలా అన్నది చూడండి. రెండు రకాలూ ఉన్నాయి. గొట్టం ముందునుంచి నింపేదైతే రేంజ్‌లో ఖాళీ చేయడం తేలిక, లోపలి గొట్టం లాగితే తూటాలు జారిపడతాయి. పక్క గేటుదైతే పొలంలో ఒకటి ఖర్చయితే ఒకటి తోసుకోవచ్చు. రెండూ ఉన్నది దొరికితే మంచిదే.

షాపులో చేయాల్సిన పని ఒకటి చెప్తాను, దీనికి అయిదు నిమిషాలు చాలు. సేల్స్‌మన్‌ని అడిగి, తూటా లేదని కంటితో చూసి వేలితో తడిమి, గోడవైపు తిప్పి నిలబడండి. గోడమీద ఏదో ఒక మచ్చ చూసుకోండి. కళ్లు మూసుకుని తుపాకిని భుజానికి ఎత్తండి, చెంప ఆనించండి. ఇప్పుడు కళ్లు తెరవండి. ముందు సైట్ కళ్ల ముందే ఉందా, లేక మెడ సాచి వెతుక్కోవాలా? వెతుక్కోవాల్సి వస్తే ఆ తుపాకి మీది కాదు. నాది అయిదడుగుల ఆరంగుళాలు. పొడుగు బట్ (భుజానికి ఆనే వెనక కర్ర) ఉన్నది జాకెట్ మీద ఇంకా పొడుగైపోతుంది, చలికాలం వేటలో జాకెట్ లేకుండా ఉండరు. వెళ్లేటప్పుడు ఆ జాకెట్ వేసుకునే వెళ్లండి. జులైలో అయినా సరే, నవ్వితే నవ్వనివ్వండి. అలాగే చేతి తొడుగుతో లీవర్‌లో మూడువేళ్లు దూరుతున్నాయా చూడండి. పెద్ద ఉంగరంలాంటి లీవర్ చూడ్డానికి సినిమా సోకులా ఉంటుంది గానీ చలిలో నిజంగానే పనికొస్తుంది.

కొత్తది ఇంటికి తెచ్చాక తుడవకుండా కాల్చొద్దు. ఫ్యాక్టరీ నూనె తుప్పు పట్టకుండా పూసింది, నడవడానికి కాదు. బ్యారెల్ లోపల పొడి గుడ్డ లాగి, బోల్ట్ రాసుకునే చోట్ల ఒక్కో చుక్క మంచి నూనె చాలు. కారిపోయేలా పోస్తే మైనస్ ఉష్ణోగ్రతలో చిక్కబడుతుంది. మరలన్నీ సరైన స్క్రూడ్రైవర్‌తో ఒకసారి బిగించండి. గన్ మరలకి సమంగా ఉండే మొన కావాలి, వంటింటి డ్రాయర్‌లో ఉండే రకం పెడితే మర తల చెడుతుంది. లీవర్ పట్టుకునే మర వదులవ్వడం వీటికి మామూలు జబ్బు. నాది రెండో రేంజ్ రోజున సగం బయటికొచ్చింది. స్కోప్, సైట్ మరలకి నీలం రంగు లాక్‌టైట్ (మర వదులవ్వకుండా పట్టే జిగురు) ఒక చుక్క పెట్టండి. ఎరుపుది పెట్టారంటే తర్వాత తీయడానికి వేడి చేయాలి.

నా కొత్త కార్బైన్ లోడింగ్ గేటు అంచు బ్లేడులా ఉంది. కంపెనీ పేరు చెప్పను. పది తూటాలు తోసేసరికి బొటనవేలు చర్మం లేచింది. గన్‌స్మిత్ దగ్గర అంచు నున్న చేయించుకున్నాను, ఇరవై నిమిషాల పని.

ఇప్పుడు సైట్ల సంగతి. ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది బక్‌హార్న్ అనే సైట్, ఆవు కొమ్ముల్లా రెండు వంకీలు, మధ్యలో గీత. అది బ్యారెల్ మీద కంటికి బాగా ముందుంటుంది. పాతికేళ్ల కన్ను ఆ గీతని, ముందు గింజని, జింకని మూడింటినీ ఒకేసారి సంబాళిస్తుంది. నలభై దాటిన కన్ను సంబాళించదు. పీప్ సైట్ పెట్టుకోండి. వెనక, కంటికి దగ్గరగా చిన్న రింగు. దాన్ని చూడక్కర్లేదు, దానిలోంచి చూడాలి. రింగు మసగ్గా ఉన్నా కన్ను తనంతట తానే మధ్యకి చేరుతుంది. మీరు చూసుకోవాల్సింది ముందు సైట్ ఒక్కదాన్నే. స్కిన్నర్, విలియమ్స్ లాంటివాళ్లు మార్లిన్‌కి, హెన్రీకి సరిపడేవి చేస్తారు. వేటకి పెద్ద రంధ్రం ఉన్న రింగు పెట్టండి, తెల్లవారే చీకట్లో సన్న రంధ్రంలోంచి ఏమీ కనిపించదు.

పీప్ పెట్టాక చాలామందికి ఒకటే గొడవ వస్తుంది: తూటా పైకి పోతుంది. కొత్త సైట్ పాతదానికన్నా ఎత్తుగా కూర్చుంటుంది మరి. అంత పొడుగు ముందు సైట్ కావాలి. ఎంత పొడుగో ఊహించక్కర్లేదు, లెక్క ఉంది. తూటా ఎన్ని అంగుళాలు తప్పిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించండి. అన్నీ అంగుళాల్లోనే. నాది 50 గజాల దగ్గర అయిదంగుళాలు పైకి పోయింది. సైట్ల మధ్య 22 అంగుళాలు. 50 గజాలంటే 1800 అంగుళాలు. 5ని 22తో గుణిస్తే 110, దాన్ని 1800తో భాగిస్తే 0.06. అంటే ముందు సైట్ ఇప్పటికన్నా 0.06 అంగుళం పొడుగ్గా ఉండాలి. నేను ఇంకొంచెం ఎక్కువే తెప్పించి, రేంజ్‌లో ఆకురాయితో కొంచెం కొంచెం దింపుకున్నాను. అరగదీస్తే తూటా పైకి వస్తుంది. ఒక్కో రుద్దుకి మూడు తూటాలు కాల్చి చూడండి, తొందరపడి అరగదీస్తే మళ్లీ పెరగదు. వెనక సైట్‌ది మాత్రం సూటి లెక్క: తూటా ఎటు పోవాలో సైట్‌ని అటే జరపాలి.

కంటి నంబరు బాగా పెరిగితే మొహమాటం లేకుండా స్కోప్ పెట్టండి. ఒకటి నుంచి నాలుగు రెట్లు చూపేది చాలు. పెద్ద స్కోప్ బిగిస్తే ఈ తుపాకి అందమూ పోతుంది, చేతిలో సమతూకమూ పోతుంది. స్కోప్ పెడితే హ్యామర్‌ని (ట్రిగర్ నొక్కితే పడి తూటాని పేల్చే సుత్తిని) బొటనవేలితో అందుకోవడం కష్టం. పక్కకి పొడుచుకొచ్చే చిన్న ముక్క అమ్ముతారు, అది తగిలించుకోండి.

గురి సరిచేసేటప్పుడు మొదట 25 గజాలు. కాగితం మీద పడుతోందని చూసుకుని, తర్వాత 50, ఆ తర్వాత 75. బల్లమీద ఇసుక సంచీ ముందు కర్ర కింద ఉండాలి, బ్యారెల్ కింద కాదు. వేటకి వాడే తూటాల పెట్టెతోనే సరిచేయాలి. నాది 158 గ్రెయిన్ల .357తో 75 గజాలకి సరిగ్గా పెట్టాను. 50 దగ్గర అరంగుళం పైకి, 100 దగ్గర రెండంగుళాలు కిందికి, 150 దగ్గర తొమ్మిది పదంగుళాలు కిందికి. .38 వేస్తే 50 దగ్గరే మూడంగుళాలు కిందికి పడుతుంది, కాబట్టి ఒకదానికి సరిచేసి ఇంకోదానితో వేటకి వెళ్లొద్దు. .38లు ఎక్కువ కాల్చిన రోజు ఛాంబర్‌ని (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటుని) బ్రష్ పెట్టి తోమండి. పొట్టి తూటా మూతి దగ్గర మసి రింగులా పేరుకుంటుంది, తర్వాత పొడుగు .357 దూరదు.

బులెట్ ముక్కు ఆకారం చిన్న విషయం కాదు. గొట్టం మ్యాగజైన్‌లో ఒక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే అంటుకునే అడుగు బిళ్లకి) ఆనుకుని ఉంటుంది. గట్టి సూదిమొన ఉన్నది పెడితే తన్ను తగిలినప్పుడు లోపలే పేలే ప్రమాదం ఉంది. చదును ముక్కుది కొనండి. హార్నడీ లెవర్‌ఎవల్యూషన్ లాంటివి మొనదేలి కనిపిస్తాయి గానీ ఆ మొన మెత్తని రబ్బరులాంటిది, గొట్టం కోసమే చేసింది. .38లో డబ్బాలా ముందు పూర్తి చదునుగా ఉండే వాడ్‌కట్టర్లు మాత్రం చాలా లీవర్ రైఫిళ్లలో నడవవు, మధ్యలో ఇరుక్కుంటాయి. ఏ పెట్టె నచ్చినా ముందు యాభై రౌండ్లు రేంజ్‌లో నడిపించి చూడండి. లీవర్‌ని సుతారంగా తిప్పొద్దు. చివరిదాకా తోసి, చివరిదాకా లాగాలి. కొత్తవాళ్లకి ఇరుక్కునేది సగం తిప్పడం వల్లే.

ఖాళీ చేయడం ఇంట్లో డమ్మీ తూటాలతో నేర్చుకోండి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. హ్యామర్‌ని బొటనవేలితో దించడం అన్నిటికన్నా ప్రమాదమైన క్షణం. తుపాకి నేలవైపో మట్టిగట్టువైపో ఉండాలి, తొడుగు తీసేయాలి, వేలు తడిగా ఉండకూడదు. మా ఇంట్లో తుపాకి ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో. తాళాలు పిల్లలకి తెలియని చోట. ఈ షరతు మా ఆవిడది, మొదట్లో గొణిగాను గానీ ఇప్పుడు నాకూ అదే నిద్ర పట్టిస్తుంది.

వేట రోజుకి నారింజ రంగు చొక్కా, పొలం యజమాని చేత్తో రాసిచ్చిన అనుమతి, లైసెన్స్, జింక పర్మిట్. తుపాకిలో తొమ్మిది పట్టినా ఒహాయోలో జింక వేటకి ఛాంబర్, గొట్టం కలిపి మూడే. మిగతావి జేబులో. బట్ మీద చిన్న కాగితం అతికించాను. నా చేతిరాత చీకట్లో నాకే అర్థంకాదని మా ఆవిడ పెద్ద అక్షరాల్లో రాసిచ్చింది: 50 – అర పైకి. 75 – సరి. 100 – రెండు కిందికి. 100 దాటితే దించెయ్.